గడీ పెట్టిన పుస్తె

నా కథలోని కోటవాళ్ళు అన్ని తరాలు ఎలా నిలబడ్డారో నాకే సరిగ్గా తెలియదని మొదట పట్టుకున్నది మా కింది వాటాలో కిరాయికుండేవాళ్ళ అమ్మాయి. ఇంటర్ పరీక్షలు రాసి నర్సింగు సీటు కోసం ఎదురుచూస్తున్న రోజులవి. నేను కాగితాల మీద రాసిన అధ్యాయాలను తన ఫోనులో టైపు చేసి, కథలు చదువుకునే యాప్ ఒకదానిలో పెట్టేది. నేను అడగలేదు, తనే పూనుకుంది. నాకు జీవితంలో అడగకుండా వచ్చినవే ఎక్కువ. సాయంత్రం దీపం పెట్టినప్పుడు వాటిని ఒక్కొక్కటే తలుచుకుని దండం పెట్టుకోవడం మా అమ్మ నేర్పిన అలవాటు.

బడికి నేను వెళ్ళలేదు. చిన్నప్పుడు గుండెకేదో జబ్బని, పరుగులు పెట్టకూడదని డాక్టర్లు చెబితే అమ్మ ఇంట్లోనే అక్షరాలు దిద్దించింది. నాన్న లెక్కలు చెప్పాడు. కృష్ణా జిల్లా నుంచి ఉద్యోగం మీద ఇటు వచ్చి, ఎల్బీ నగర్‌లో ఈ ఇల్లు కట్టుకున్నాక, దిల్‌సుఖ్‌నగర్ వెళ్ళినప్పుడల్లా నాన్న ఫుట్‌పాత్ మీది పాత పుస్తకాల గుట్టల్లోంచి మాయలూ మంత్రాలూ ఉన్న నవలలు నాకోసం ఏరుకొచ్చేవాడు. వాటికి అట్టలు ఉండేవి కావు. కొన్నింటికి చివరి పేజీలు కూడా ఉండేవి కావు. ఆ దుర్మార్గపు రాజులు ఆఖరికి ఏమయ్యారో నేనే ఊహించుకునేదాన్ని. నా రాత అలా మొదలైంది. పెళ్ళి చేసుకోలేదు. అమ్మా నాన్నా పోయాక పై వాటాలో నేనూ, నా కాగితాలూ.

ఆ నవలల్లో చెడ్డ వంశాలు గద్దెను పట్టుకుని ఉండటానికి మార్గాలు బోలెడు. రక్తంలోనే మంత్రశక్తి ఉందని చాటించుకుంటారు. అసలు వారసుణ్ణి పసిగుడ్డుగా ఉన్నప్పుడే బుట్టలో పెట్టి ఏట్లో వదిలేస్తారు. సేనాపతికి పిల్లనిచ్చి కట్టేసుకుంటారు. నేనూ అవే తోవలో వెళ్ళి ఒక కొండకోటను కట్టాను. ఆ కోటలో నీటి ఊట ఉంది. దాని రాతి తలుపు ఆ వంశం వాళ్ళ చేయి తగిలితేనే తెరుచుకుంటుందని కొండ కింది జనం నమ్ముతారు. అది అబద్ధం. ఎవరు తోసినా తెరుచుకుంటుంది. ఆ సంగతి జనానికి తెలియకుండా రాణి కాపలా పెట్టింది. గొప్ప ఉపాయం కనిపెట్టాననుకున్నాను.

అమ్మాయి టైపు చేస్తూ చేస్తూ ఆగింది.

"ఇంతమంది జనమున్నరు గద ఆంటీ. ఒక్కనాడన్న ఎవరో ఒకరు పోయి తలుపు తోసి చూడరా?"

భయం కదమ్మా, కత్తులు పట్టుకుని భటులు ఉంటారు కదా, అన్నాను.

"ఆ భటులు గుడ కిందోళ్ళ పిల్లలే గద. భయం ఎన్ని రోజులుంటది? మా క్లాసుల సారు కొడ్తడని రెండు నెలలు భయపడ్డం. తర్వాత నవ్వుకున్నం."

వాళ్ళమ్మ అక్కడే గోడకానుకుని కూర్చుని ఎవరిదో చీరకు ఫాల్ కుడుతోంది. నల్గొండ వైపు పల్లెటూరి మనిషి. భర్త ఎల్బీ నగర్ చౌరస్తా నుంచి బడంగ్‌పేట్ దాకా షేర్ ఆటో తోలేవాడు. ఆమె బ్లౌజులు, ఫాల్సు కుట్టేది. మధ్యాహ్నం కరెంటు పోయినా పోకపోయినా పైకి వచ్చి నా దగ్గర కూర్చుని కుట్టుకుంటూ కథ వినేది. నన్ను అక్కా అంటుంది. నా ఒంటరితనం తెలిసి వస్తోందని నాకు తెలుసు. దానికీ దండం పెట్టుకునేదాన్ని.

దారం పంటితో తెంపి, "భయం గాదక్కా," అంది. "దొరోళ్ళు కొట్టేది తక్కువ. పెట్టేది ఎక్కువ."

అని పైట కొద్దిగా పక్కకు జరిపి మెడలో పుస్తెలు చూపించింది. ఒకటి మెట్టినింటివాళ్ళు చేయించింది, ఇంకొకటి పుట్టింటివాళ్ళు పెట్టాల్సింది. పుట్టింటి పుస్తె పల్చగా, అంచుల్లో అరిగి ఉంది. వాళ్ళ ఊళ్ళో దొర ఉండే పెద్ద భవంతిని గడీ అంటారు. లేనివాళ్ళ ఇంట్లో ఏ ఆడపిల్లకు పెళ్ళైనా ఆ పుట్టింటి పుస్తె గడీ నుంచే వచ్చేదట. దొరసాని స్వయంగా పసుపు రాసి, కళ్ళకద్దుకుని ఇచ్చేదట. అలా ఊళ్ళో సగం మంది ఆడవాళ్ళకు గడీయే పుట్టిల్లు.

ఆ దొరల సంగతి మాటల మధ్యలో అప్పుడప్పుడు చెబుతూ ఉండేది. చెరువు భూమి వాళ్ళదైపోయింది. తాత కూర్చున్న సర్పంచి కుర్చీలో కొడుకు, తర్వాత కోడలు కూర్చున్నారు. మెడలో కండువా రంగు మారేది గానీ కుర్చీలో ఇల్లు మారేది కాదు. ఇప్పుడు కొడుకు బడంగ్‌పేట్‌లో ప్లాట్లు వేసి అమ్ముతున్నాడు. ఒకరికి అమ్మిందే ఇంకొకరికి అమ్మాడని గొడవలు. ఈమె తండ్రి పొలం వాళ్ళ పేరు మీదికి ఎలా వెళ్ళిందో చనిపోయేదాకా ఆయనకు అర్థం కాలేదట. ఆ ఏడే ఈమె పెళ్ళి. ఆ ఏడే ఈ పుస్తె.

"మరి కోపం రాలేదా నీకు?" అని అడిగాను.

ఆమె సూదిలో దారం ఎక్కిస్తూ, "మెడల వేసుకున్నంక ఇగ కోపమెట్లొస్తదక్కా," అంది.

ఆ రాత్రికి కథలోంచి రాతి తలుపును కొట్టేశాను. దాని బదులు, కొండ కింద ఏ ఇంట్లో బిడ్డ పుట్టినా మొదటి మువ్వలు కోట నుంచి వెళ్ళేట్టు రాశాను. వెండి మువ్వలు. రాణి తన చేత్తో కట్టి ముద్దు పెట్టుకుంటుంది. ఆ బిడ్డ ఏ సందులో పరుగెత్తినా కోట చప్పుడు వినిపిస్తుంది. పెద్దయ్యాక కాళ్ళకు పట్టకపోతే మొలతాడుకు కట్టుకుంటారు. కోటవాళ్ళు పొలం లాక్కున్న రోజున కూడా మనిషి నడుస్తుంటే ఆ మువ్వ మోగుతూనే ఉంటుంది. చదివినవాళ్ళు యాప్‌లో, ఇన్నాళ్ళకు కోట నిజంగా కనిపించిందని రాశారు. నాది కాదు ఆ తెలివి, వాళ్ళమ్మదని అమ్మాయితో రాయించాను.

అయితే ఆ కోట కూలాలి కదా. అమ్మాయి పట్టు అదే. ఎవరి మువ్వలు వాళ్ళు తిరిగిచ్చేస్తే సరి అని తను చెప్పిన మాటనే అధ్యాయంగా రాశాను. జనమంతా ఒకే రోజున మువ్వలు విప్పి, పళ్ళేలలో పట్టుకుని కొండెక్కి, కోట గుమ్మం ముందు పోసి వస్తారు. రాణి కోపంతో ఊగిపోతుంది. అరుస్తుంది, శపిస్తుంది. కోటలో మొదటిసారిగా నిశ్శబ్దం.

అమ్మాయి ఆ అధ్యాయం పెట్టిన వారంలోనే కౌన్సెలింగులో సీటు వచ్చిందన్న కబురూ వచ్చింది. నగరంలోనే, హాస్టలు ఉన్న కాలేజీ. వాళ్ళ నాన్న ఆటోలో మిఠాయి తెచ్చి సందంతా పంచాడు. నేను దేవుడి ముందు రెండు వత్తులు ఎక్కువ వేశాను.

కాలేజీలో చేరే గడువు ఇంకా ఉండగానే మా సందులోకి పెద్ద కారు వచ్చింది. గడీ వాళ్ళ కోడలు. బత్తాయిల సంచితో దిగి, కింది వాటాలో కుట్టుమిషను ముందున్న స్టూలు మీదే కూర్చుంది. వాళ్ళ గ్లాసులోనే చాయ్ తాగింది. పిల్ల తల నిమిరింది. నన్ను కూడా పలకరించింది, కథలు రాస్తారట కదా అని. ముసలి దొరసాని జారి పడి తుంటి ఎముక విరిగిందనీ, పెట్టిన ఆయాలు ఎవరూ నిలవడం లేదనీ, పరాయి చేయి ఆమెకు పడదనీ చెప్పింది.

"నర్సు కావాలనే గద పిల్ల సదివేది. మా అత్తమ్మను చూసుకుంటే అదే నేర్చుకుంటది. ఒక్క ఏడాది. అటెనుక సీటు సంగతి మా ఆయన చూస్తడు. ఆలోచించుకోండ్రి, తొందరేం లేదు."

బెదిరింపు లేదు. ఆజ్ఞ లేదు. అడిగింది, అంతే.

ఆ మర్నాడు అమ్మాయి నా దగ్గరకు వచ్చి కూర్చుంది గానీ ఫోను తీయలేదు. వాళ్ళ నాన్న, అడిగినవాళ్ళకు లేదని ఎలా అంటామని కూర్చున్నాడట. అమ్మ ఏమీ అనడం లేదట. సీటు వదులుకుంటే మళ్ళీ వస్తుందన్న నమ్మకం లేదని తనకు తెలుసు, నాకు తెలుసు, వాళ్ళకూ తెలుసు. పిల్ల ఏడవలేదు. తన చేతి గోళ్ళు చూసుకుంటూ కూర్చుంది. నేను ఏమీ తోచక మంచినీళ్ళు ఇచ్చాను.

అప్పుడు వాళ్ళమ్మ పైకి వచ్చింది. చేతిలో కుట్టుపని లేదు. ఆమె కుట్టుపని లేకుండా మెట్లెక్కడం నేనెప్పుడూ చూడలేదు.

"అక్కా, నీ కథల మువ్వలు ఇచ్చేసినట్టు నేను ఇది ఇచ్చేస్త," అంది పుస్తె పట్టుకుని. "ఇచ్చేసినంక, పిల్లను తోలను అని చెప్త. మెడల ఇది పెట్టుకోని ఆ మాట చెప్పరాదు."

ఆ క్షణంలో నాకు కలిగిన సంతోషం ఇప్పటికీ గుర్తే. నా కథ ఒకరికి ఇంత పని చేస్తుందని నేను కలలో కూడా అనుకోలేదు.

ఇద్దరం మెట్రో ఎక్కి దిల్‌సుఖ్‌నగర్ వెళ్ళాం. ఆమె తన చెవి కమ్మలు ఇచ్చి, వాటి బంగారంతోనే పుస్తె చేయించింది. చెవులకు గిల్టు రింగులు పెట్టుకుంది. కొత్త పుస్తెను మా ఇంట్లో అమ్మవారి పటం ముందు పెట్టి, పసుపు రాసి, భర్త చేత కట్టించుకుంది. ఆయన పని మానేసి వచ్చాడు గానీ, తప్పు చేస్తున్నామో ఏమోనని మాటిమాటికీ పటం వైపు చూశాడు.

పాత పుస్తెను ఉత్త చేతిలో పెట్టి ఇవ్వడం మాకెవరికీ మనసొప్పలేదు. అది తాళి. వస్తువు కాదు. ఇత్తడి పళ్ళెంలో తమలపాకులు పరిచి, పసుపు, కుంకుమ, వక్కలు, అరటిపళ్ళు పెట్టి, మధ్యలో పుస్తెను ఉంచాం. పద్ధతిగా ఇస్తే బాధ ఉండదని ఆమె అంది, నేనూ ఔనన్నాను. పసుపు కుంకుమలతో గడప తొక్కిన ముత్తైదువను ఏ ఇంటివాళ్ళూ ఉత్త చేతులతో పంపరని, పంపకూడదని, పుట్టినప్పటినుంచీ తెలిసిన మా ముగ్గురిలో ఒక్కరికీ ఆ పొద్దున తట్టలేదు.

ఆయన ఆటోలోనే బడంగ్‌పేట్ వెళ్ళాం. అమ్మాయి రాలేదు. కొత్త ఇల్లు, పాలరాయి నేల. హాల్లో గోడకు పాత గడీ ఫోటో పెద్దది. దొరసాని కిటికీ పక్కన మంచం మీద దిండ్లకానుకుని ఉంది. నేను ఊహించినట్టు లేదు. పిట్టంత మనిషి. తెల్ల జుట్టు, చెంపలు లోపలికి పోయాయి. ఈమెను చూడగానే ముఖం వెలిగింది. నాకు తెలిసినంతవరకు ఆ వెలుగులో నటన లేదు.

ఈమె పళ్ళెం మంచం మీద పెట్టి, దారంతా అనుకుంటూ వచ్చిన మాటలు మొదలుపెట్టింది. మీరు పెట్టిన పుస్తె దొరసానమ్మా, ఇన్నేళ్ళు కాపాడింది, ఇప్పుడు మాకు దేవుడిచ్చిండు, మీది మీకు... అక్కడిదాకా వచ్చి ఆగింది.

దొరసాని పళ్ళెంలోకి చాలాసేపు చూసింది. పుస్తెను తీసి అరచేతిలో పెట్టుకుంది. అరిగిన అంచును వేలితో తడిమింది. కళ్ళ నీళ్ళు తిరిగాయి.

"పుట్టినింటి పుస్తె గట్ల తెచ్చియ్యరు బిడ్డా," అంది. "ఆ ఇంట్ల ఎవ్వరూ లేనట్టు. నేనింకా ఉన్న గద."

తర్వాత కోడలిని పిలిచి ఒడిబియ్యం కలుపుకు రమ్మంది.

ఒడిబియ్యం అంటే మా వైపు వాళ్ళకు తెలియదు. ఇక్కడ ఆడపిల్లకు పుట్టింటివాళ్ళు పసుపు కలిపిన బియ్యం ఒళ్ళో పోస్తారు. ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు, పసుపు కొమ్ములు, రవికె గుడ్డ పెడతారు. నీకు మేమున్నాం, నువ్వు మా బిడ్డవు అని. ఈమె తల్లి కాన్పులోనే పోయింది. అన్నదమ్ములు లేరు. పెళ్ళైన ఇన్నేళ్ళలో ఈమె ఒళ్ళో బియ్యం పోసినవాళ్ళు లేరు. మా సందులో ఎవరింట్లోనైనా ఆ వేడుక జరిగితే ఈమె వెళ్ళేది కాదు. మిషను గట్టిగా తొక్కుతూ కూర్చునేది.

ముసలామె లేవలేదు. ఈమెనే మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చోమని, కొంగు పట్టమంది. ఎముకలు తేలిన రెండు చేతులతో దోసిలి పట్టి పోసింది. చేతుల్లో బలం లేక కొన్ని గింజలు నేల మీద పడ్డాయి. ఆఖరి దోసిలితో పాటు పాత పుస్తెను కూడా ఒళ్ళో వేసింది. ఆ తర్వాత ఈమె తలను తన ఒళ్ళోకి లాక్కుని ఏదో గొణిగింది. ఈమె ఏడుపు మొదలైంది. అలాంటి ఏడుపు నేను వినలేదు. పసిపిల్ల ఏడ్చినట్టు, గొంతు దాచుకోకుండా.

నా కథలో రాణికి కోపం వచ్చింది. అరిచింది, శపించింది. మువ్వలు తీసుకురాగానే రాణి ఏడుస్తుందని, కాళ్ళ దగ్గర కూర్చోబెట్టుకుని మళ్ళీ కడుతుందని నాకు తట్టలేదు. అన్ని నవలలు చదివి కూడా తట్టలేదు.

దొరసాని పిల్ల మాటే ఎత్తలేదు. కోడలూ ఎత్తలేదు. వచ్చేటప్పుడు, గడప దగ్గర, నిండిన కొంగును రెండు చేతులతో పొట్టకు అదుముకుని ఈమే వెనక్కి తిరిగింది.

"శుక్కురారం పిల్లను తోలుత అమ్మా," అంది.

అప్పటిదాకా ఆమెను దొరసానమ్మా అని పిలిచింది. ఆ ఒక్కసారి అమ్మా అంది.

ఆటోలో తిరిగి వస్తూ బైరామల్‌గూడ దగ్గర ట్రాఫిక్‌లో ఆగినప్పుడు, "ఏం చేయాల్నక్కా," అంది, కొంగు ముడి వైపు చూస్తూ. అది ప్రశ్న కాదు. ఆమె చేయి పట్టుకున్నాను.

అమ్మాయి గేటు దగ్గరే నిలబడి ఉంది. తల్లి కొంగు బరువుగా ముడివేసి ఉండటం చూసింది. లోపలికి వెళ్ళమని దారి ఇచ్చింది. తర్వాత నా వైపు తిరిగి, "మనమిస్తె వాళ్ళు తీసుకుంటరనుకున్నం గదా ఆంటీ," అంది.

ఒడిబియ్యం పారేయకూడదు. వండి ఇంటిల్లిపాదీ తినాలి, ఇరుగుపొరుగుకు పెట్టాలి. నాకూ ఒక గిన్నె వచ్చింది. పసుపు రంగు పరమాన్నం, నెయ్యి కారుతూ. అన్నం దేవుడని చెప్పి పెంచారు నన్ను, తిన్నాను. తియ్యగానే ఉంది.

శుక్రవారం దాకా ఉన్న రోజుల్లో నేను ఊరుకోలేదు. ఆమెతో ఒకసారి, ఆయనతో ఒకసారి మాట్లాడాను. నేను వెళ్ళి ఆ కోడలితో చెబుతానన్నాను. వద్దక్కా, మా అమ్మ బాధపడుతది, అంది. మా అమ్మ అంటే ఎవరో అర్థం కావడానికి నాకు ఒక క్షణం పట్టింది. శుక్రవారం నాడు పిల్ల బట్టల సంచితో నాన్న ఆటో ఎక్కింది. సీటు గడువు తర్వాతి సోమవారంతో దాటిపోయింది.

ఆ సాయంత్రం దీపం పెట్టాను. తలుచుకోవడానికి కూర్చుంటే ఒక్కొక్క మేలూ తన వెనక ఇంకేదో పట్టుకుని వచ్చినట్టనిపించింది. చిన్నప్పటినుంచీ కృతజ్ఞత ఒక్కటే నాకు చేతనైన పూజ. స్వామీ, నువ్వు ఇచ్చి ఇంతవరకూ ఏమీ అడగలేదు, అందుకే నీకు దండం, అని మాత్రం చెప్పుకుని లేచాను.

ఆమె మధ్యాహ్నాలు పైకి రావడం తగ్గింది. వస్తే కుట్టుకుంటుంది గానీ కథ అడగదు. మెడలో ఇప్పుడు మూడు పుస్తెలు.

అమ్మాయి నెల తర్వాత ఫోను చేసింది. దొరసానికి మధ్యాహ్నం నిద్ర పట్టదట. తన ఫోనులో నా కథ చదివి వినిపిస్తోందట. ముసలామె శ్రద్ధగా వింటుందట.

"మువ్వలు తెచ్చి పోసినప్పుడు రాణి అరుస్తది గద ఆంటీ. అక్కడ ఆపమన్నది. రాణి గట్ల అరవదు, మీ ఆంటీకి చెప్పు, తప్పు రాసింది, అన్నది."

నిజమేనన్నాను. చదువు సంగతి అడిగాను. వచ్చే ఏడు చూద్దామన్నారట. లోపలెక్కడో ముసలామె పిలుస్తున్నట్టుంది. వస్తున్న, అని అటు చెప్పి, మళ్ళీ నాతో, గొంతు తగ్గించి, నేను అడగకుండానే అంది.

"మంచిగ చూసుకుంటున్నరు ఆంటీ. నాకు కొత్త డ్రస్సు కుట్టిచ్చిన్రు. పాపం, మంచిది ఆమె."

అబద్ధం చెప్పే పిల్ల కాదు. ఆమె మంచిదే. పిల్ల గొంతు మాత్రం వాళ్ళమ్మ గొంతులా ఉంది.

సంతోషం తల్లీ, అన్నాను. నోటికి అలవాటైన మాట అదొక్కటే వచ్చింది.